చివరి అంకె

ఆటోనగర్ మూడో క్రాసులో
ఎండ రేకుల మీద పడి కళ్ళలోకి దూకే వేళ
కొప్పుల ఇశ్రాయేలు గారొచ్చారు.
రాయనపాడు వర్క్‌షాపులో ముప్పై నాలుగేళ్ళు
వ్యాగన్ల నంబర్లు సరిచూసి రిటైరైన మనిషి.
చేతిలో బూట్ల డబ్బా, డబ్బాలో పాత తువ్వాలు,
తువ్వాల్లో పసిబిడ్డలా జానెడు విమానం.

"బాజీ, దీని తోక మీద ఆరంకెలు వెయ్యాలి.
ఒక్కోటి ఆవగింజంత."

సర్కారు అచ్చు ప్లేట్లు వచ్చాక
నా కుంచెకి పన్లేదు.
కూర్చోండన్నాను. టీ చెప్పాను.

జర్మనీ వాళ్ళ తొలి జెట్టట. ముక్కున పంకా ఉండదు.
రెక్కకో గొట్టం, గొట్టంలో మంట.
పాతిక గంటలు తిరిగితే ఇంజను పని అయిపోయేదట.
మా సందులో సెకండ్‌హ్యాండు గేర్‌బాక్సు నయం అన్నాను.
ఆయన నవ్వలేదు.
అడవుల్లో, సొరంగాల్లో, ఖైదీల చేత బిగించారట.
రేకుకీ రేకుకీ మధ్య లప్పం పూశారట.
లప్పం అనగానే ఆ విమానం నాకు చుట్టమైపోయింది.

పాత ఫొటో తీశారు. తోక మీద స్వస్తిక్.
కొత్త లారీలకి పసుపు రాసిన చోట
రోజుకి మూడు వేసినవాణ్ణి,
నా దేవుడు కాకపోయినా, గీత వంకర పోకుండా.
ఇది మాత్రం మూల మీద నిలబడి ఉంది,
ఎవరి మీదో పడబోతున్నట్టు.
"అది వద్దులే. నా పేరు తెలుసుగా.
నంబరొక్కటే వెయ్యి."

గెలిచినవాళ్ళు పట్టుకుపోయి తమ రంగు పులిమారట.
దీని రెక్క దానికీ, దాని తోక దీనికీ తగిలించారట.
ఏది ఏదో తేల్చేది ఈ ఆరంకెలే.
ఐదు దొరికాయి. ఆరోది
మూడో, ఎనిమిదో.
మూడైతే ఇంకా ఎక్కడో ఓ షెడ్డులో ఉంది.
ఎనిమిదైతే బురదలో దిగబడింది, లోపలి కుర్రాడితో సహా.
"పదకొండేళ్ళుగా ఆ అంకె దగ్గరే ఆగిపోయాను బాజీ."

భూతద్దం తెచ్చాను.
ముతక చుక్కల్లో నాకు అంకె కనపడలేదు,
చెయ్యి కనపడింది.
ఎనిమిది వేసేవాడు నడుం దగ్గర గీత దాటించి పోతాడు.
మూడుని ఎనిమిది చేసేవాడు
ఎడమ పక్కన రెండుసార్లు మూస్తాడు.
మూసినచోట రంగు ఉబ్బుతుంది.
ఉబ్బింది.

"మూడేనండీ. తర్వాతెవరో ఎనిమిది చేశారు."
"నీకెలా తెలుసు?"

గ్లాసు అడుగున కరగని పంచదార.
తొంభై ఆరు, తుఫాను వెళ్ళిన వారానికి,
రాత్రి, షట్టరు సగం దించి,
నూజివీడు కాయ తోలే లారీ ఒకటి.
ఎవరిదని అడగలేదు. ఐదొందలిచ్చారు.
పది రోజులకి దాని క్లీనరు తమ్ముడు
పాస్‌పోర్టు ఫొటో ఒకటి పట్టుకుని షాపు షాపుకీ తిరిగాడు.
అన్న ఇంటికి రాలేదట.
"చివర మూడున్న బండి చూశారా?"
లేదన్నాను.
నిజమే. అప్పటికది ఎనిమిది.

ఇశ్రాయేలు గారు అద్దం తుడిచారు.
తుడిచిందే తుడిచారు.

ఉడుత వెంట్రుకలు నాలుగు కట్టి
ఊపిరి బిగబట్టి వేశాను. ఐదంకెలు, పక్కన మూడు.
ఎన్నాళ్ళ తర్వాతో
ఎడమ పక్క తెరిచి వదిలేశాను.

"మొదట వేసినవాడి చొక్కాకీ ఒక నంబరు కుట్టి ఉండేది,
దాన్ని ఎవరూ వెతకలేదు,"
అన్నారాయన, నాతో కాదు, విమానంతో.

డబ్బాకి తాడు కట్టారు. వంద తీశారు. నేను తీసుకోలేదు.
గడప దాకా వెళ్ళి తిరిగొచ్చి
మళ్ళీ కుర్చీ లాక్కున్నారు.
జేబు పుస్తకంలో జెట్టు నంబరు కింద గీత గీసి
పెన్సిలు మొన నాలిక్కి అద్దుకుని,
"చెప్పు బాజీ," అన్నారు,
"ఆ లారీది. మొదటి అంకె నుంచీ."